రేస్ కారులో తొలి ట్రాక్ డే: కొత్త డ్రైవరు తెలుసుకోవలసినవి

ట్రాక్ డే పోటీ కాదు. అక్కడ విజేతలుండరు, బహుమతులుండవు, చాలాచోట్ల ల్యాప్ సమయాలు లెక్కించడాన్నే నిర్వాహకులు నిషేధిస్తారు. డ్రైవర్లను అనుభవాన్ని బట్టి కొత్తవారు, మధ్యస్థులు, ఆరితేరినవారు అని బృందాలుగా విడదీసి, ఒక్కో బృందాన్ని సాధారణంగా 15 నుంచి 30 నిమిషాల చొప్పున వంతులవారీగా ట్రాక్ మీదికి వదులుతారు. ఆ ఒక్కో వంతును సెషన్ అంటారు. ఎక్కువమంది మొదట తమ రోజువారీ కారుతోనే ఈ అనుభవాన్ని రుచి చూస్తారు. ఈ వ్యాసం మాత్రం లోపలి సీట్లు, తివాచీలు తీసేసి, కారు దొర్లినా డ్రైవరును కాపాడే ఇనుప గొట్టాల చట్రం, అంటే రోల్ కేజ్, బిగించి, ఔత్సాహికుల పోటీలకు తయారుచేసిన కారులో మొదటిసారి కూర్చోబోయేవారిని ఉద్దేశించి రాసినది. ఆ కారు సొంతమైనా, స్నేహితుడిదైనా, అద్దెదైనా పాటించవలసిన జాగ్రత్తలు ఒకటే. కారు మరొకరిదైతే, ఇంజిన్ చెడినా గోడకు కొట్టుకున్నా ఖర్చు ఎవరు భరించాలో ముందే కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే రోడ్డు కార్లకు ఇచ్చే మామూలు బీమా సాధారణంగా ట్రాక్ మీద జరిగే నష్టానికి వర్తించదు.

రోడ్డు కారు డ్రైవరుకు తెలియకుండానే అతని తరఫున చాలా పనులు చేసిపెడుతుంది. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా ఏబీఎస్ చూసుకుంటుంది. మలుపులో వెనుక భాగం జారబోతే స్టెబిలిటీ కంట్రోల్ సర్దుతుంది. ఏదైనా తేడా వస్తే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, ఢీకొంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుంది. ఔత్సాహిక రేస్ కార్లలో, ముఖ్యంగా మాజ్డా మియాటా వంటి పాత తేలికపాటి కార్ల మీద కట్టినవాటిలో, వీటిలో చాలావరకు ఉండవు. ఉన్న కొన్నింటిని కూడా పోటీకి తయారుచేసే క్రమంలో తీసేస్తారు. ఆ కాపలా అంతా డ్రైవరు మీద పడుతుంది. తొలిరోజున అలవరచుకోవలసింది ఆ కాపలానే అని నా అభిప్రాయం. వేగం దాని వెంట తనంతట తానే పెరుగుతుంది.

ముందుగా బ్రేకులు

రేస్ కారు అనగానే కొత్తవారి దృష్టి ఇంజిన్ మీదికి పోతుంది, కానీ తొలిరోజును అర్ధాంతరంగా ముగించేవి తరచుగా బ్రేకులే. వెయ్యి కిలోల కారు గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 80 కిలోమీటర్లకు తగ్గినప్పుడు దాని చలనశక్తిలో ముప్పాతిక భాగం, అంటే దాదాపు 7,40,000 జౌల్స్, చాలావరకు బ్రేకుల్లో వేడిగా మారుతుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న రెండు లీటర్ల నీటిని మరిగించడానికి సరిపడేంత వేడి అది. అదంతా మూడు నాలుగు సెకన్లలో చక్రాలతో తిరిగే డిస్కులలోకీ వాటిని నొక్కే ప్యాడ్లలోకీ చేరుతుంది, అవి చల్లారకముందే తరువాతి మలుపు వచ్చేస్తుంది. రోడ్డు మీద ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని బ్రేకులు ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులకే చేతులెత్తేయడానికి కారణం ఇదే.

ఆ వేడికి మొదట లొంగేది పెడల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే ద్రవం, అంటే బ్రేక్ ఫ్లూయిడ్. అది గాలిలోని తేమను క్రమంగా పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ (అమెరికా రవాణా శాఖ) 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం చెబుతుంది, 3.7 శాతం నీరు చేరాక అదే పరిమితి 155 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 3 రకానికి ఈ అంకెలు 205, 140 కాగా, డాట్ 5.1 రకానికి 260, 180. పోటీల కోసం ప్రత్యేకంగా చేసే ఫ్లూయిడ్లు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగవు. అందువల్ల ట్రాక్ డేకు ముందు, ఎప్పుడు మార్చారో తెలియని ఫ్లూయిడ్‌ను పూర్తిగా తీసేసి, అప్పుడే మూత తెరిచిన డబ్బాలోనిది నింపి, గొట్టాలలో గాలి బుడగ మిగలకుండా బ్లీడ్ చేయించాలి. పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని 5.1 బదులు డాట్ 5 పోయకూడదు. అది సిలికాన్‌తో చేసిన వేరే ద్రవం, మిగిలినవాటితో కలవదు, ఒత్తిడికి కొంత కుంచించుకుంటుంది కనుక ట్రాక్‌కు పనికిరాదు.

బ్రేకులు రెండు రకాలుగా విఫలమవుతాయి, ఆ తేడాను పాదంతోనే గుర్తుపట్టాలి. పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం నెమ్మదించకపోతే, ప్యాడ్లు తమ ఉష్ణోగ్రత పరిమితిని దాటాయని అర్థం. ఒకటి రెండు ల్యాపులు నెమ్మదిగా నడిపితే అవి తిరిగి కోలుకోవచ్చు. పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతే ఫ్లూయిడ్ మరిగి గొట్టాల్లో ఆవిరి చేరిందన్నమాట. అప్పుడు పెడల్‌ను వెంటవెంటనే పలుమార్లు తొక్కి ఒత్తిడి తెచ్చుకుంటూ, గేర్లు తగ్గిస్తూ, ట్రాక్ పక్కన కార్లు ఆగే దారి అయిన పిట్ లేన్‌కు చేరుకోవాలి. చల్లారిన తరువాత పెడల్ మళ్లీ బాగున్నట్టు అనిపించినా నమ్మకూడదు, బ్లీడ్ చేయకుండా ట్రాక్ మీదికి తిరిగి వెళ్లకూడదు. ప్యాడ్ల మందంలో కనీసం సగం మిగిలి ఉండేటట్టు చూసుకుని బయలుదేరడం, ఒక జత విడి ప్యాడ్లు వెంట ఉంచుకోవడం మంచిది. మరో సంగతి: రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. మొదటి ల్యాపులో వాటిని వెచ్చబరచకుండా పెద్ద మలుపు మీదికి వేగంగా వెళితే ఉన్న బ్రేకులు కూడా లేనట్టే.

టైర్లు, నట్లు, ద్రవాలు

టైరు పక్కగోడ మీద డాట్ సంకేతం చివర ఉండే నాలుగంకెలు అది తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతాయి. ఉదాహరణకు 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారం. పాత రేస్ కార్లతో పాటు పాత టైర్లు కూడా వస్తుంటాయి, వాటి మీద గీతలు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉండవచ్చు. గాలి విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: టైరు లోపల వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న ఒత్తిడి నాలుగు ల్యాపుల తరువాత ఎక్కువైపోతుంది, టైరు మధ్యభాగం ఉబ్బి పట్టు తగ్గుతుంది. అందుచేత పిట్‌లోకి రాగానే, టైర్లు వేడిగా ఉండగానే నాలుగింటినీ కొలిచి, ఆ టైరుకు తగిన వేడి ఒత్తిడికి తీసుకురావాలి. ఆ అంకెను టైరు తయారీదారు సమాచారం నుంచో, అదే కారు నడిపేవారి నుంచో ముందే తెలుసుకుని ఉండాలి. కొలత రాసిపెట్టుకోవడానికి చిన్న పుస్తకం ఒకటి చాలు.

వీల్ నట్లను టార్క్ రెంచ్‌తో, ఆ కారు మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించాలి, మొదటి సెషన్ తరువాత చక్రాలు చల్లారాక మరోసారి పరీక్షించాలి. ఇంజిన్ ఆయిల్‌ను గరిష్ఠ గీత దాకా నింపాలి, ఎందుకంటే పొడవైన మలుపులో ఆయిల్ ఒక పక్కకు చేరి పంపు గాలి పీల్చుకోవడం ఇంజిన్లు చెడడానికి తెలిసిన కారణాల్లో ఒకటి. ఇదే కారణంగా పెట్రోలు ట్యాంకును సగం కంటే కిందికి పోనివ్వకపోవడం మేలు. పెట్రోలు కూడా రోడ్డు మీద కంటే చాలా ఎక్కువ ఖర్చవుతుంది. రేడియేటర్‌లో కూలెంట్ బదులు నీరు, తుప్పు నిరోధకం మాత్రమే ఉండాలని చాలా ట్రాక్‌లు రేస్ కార్లకు నిబంధన పెడతాయి. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కారితే ట్రాక్ ప్రమాదకరంగా జారుడవుతుంది, కడిగినా త్వరగా పోదు. బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా, పెడల్ వదలగానే యాక్సిలరేటర్ పూర్తిగా వెనక్కి వస్తోందా, లోపల దొర్లే వస్తువు ఏదైనా మిగిలిందా అన్నవి తనిఖీ అధికారి ఎలాగూ చూస్తారు. అయినా ఇంటి దగ్గరే చూసుకుంటే తనిఖీ వరుసలో నిలబడి స్పానర్ కోసం వెతుక్కునే పని ఉండదు.

ఒంటి మీద ధరించేవి

హెల్మెట్ ఎంపికలో కొత్తవారు ఎక్కువగా పొరబడేది మోటార్‌సైకిల్ హెల్మెట్ సరిపోతుందనుకోవడంలో. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ కారు పోటీలకిచ్చే ఎస్ఏ ప్రమాణం, ఉదాహరణకు ఎస్ఏ2020, లోపలి పొర మంటను తట్టుకోవాలని, రోల్ కేజ్ గొట్టానికి ఒకేచోట పదేపదే తగిలినా కాపాడాలని కోరుతుంది. మోటార్‌సైకిళ్లకిచ్చే ఎం ప్రమాణంలో ఆ పరీక్షలు లేవు. చుట్టూ ఇనుప గొట్టాలున్న కారులో ఇది మాటవరస తేడా కాదు. అదే కారణంగా, తల చేరగలిగిన ప్రతి గొట్టానికీ గట్టి ఫోమ్ తొడుగు ఉండాలి, హెల్మెట్ లేకుండా ఆ కారును ఎక్కడికీ నడపకూడదు.

ఐదు లేదా ఆరు పట్టీల హార్నెస్ భుజాలను సీటుకు కట్టిపడేస్తుంది కాబట్టి, ఢీకొన్నప్పుడు హెల్మెట్ బరువుతో కూడిన తల ఒక్కటే ముందుకు దూసుకుపోతుంది, ఆ లాగుడుకు కపాలం అడుగుభాగం విరిగే ప్రమాదం ఉంది. దీన్ని నివారించడానికి బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది, రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి 1980ల్లో తలనూ మెడనూ పట్టి ఉంచే హాన్స్ పరికరాన్ని రూపొందించారు. చాలాకాలం డ్రైవర్లు దాన్ని ఇబ్బందికరమని పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరిలో డేటోనా ట్రాక్ మీద రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ సరిగ్గా ఈ రకమైన గాయంతో మరణించిన తరువాత అదే ఏడాది అమెరికా కార్ల పోటీల సంస్థ నాస్కార్ తల రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసింది, ఫార్ములా వన్‌లో 2003 నుంచి హాన్స్ తప్పనిసరైంది. హార్నెస్ ఉన్నచోట హాన్స్ ఉండి తీరాలి, నిర్వాహకులు అడిగినా అడగకపోయినా.

పట్టీలు బిగించుకోవడానికి ఒక వరుస ఉంది. ముందుగా నడుము పట్టీని పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదికి దించి గట్టిగా లాగాలి, తరువాత కాళ్ల మధ్య పట్టీ, చివరికి భుజాల పట్టీలు. భుజాల పట్టీలు ముందే లాగితే నడుము పట్టీ పొట్ట మీదికి జరుగుతుంది. సీటు దూరం కూడా పట్టీలు బిగించాకే సరిచూసుకోవాలి: భుజాలు సీటుకు ఆనించి ఉండగా మణికట్టు స్టీరింగ్ పై అంచును అందుకోవాలి, క్లచ్‌ను నేలదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. హార్నెస్ మీద తయారీ తేదీ, చెల్లుబాటు తేదీ ఉన్న చీటీని కూడా చూడాలి, ఎందుకంటే పట్టీల దారం ఎండకూ కాలానికీ బలం కోల్పోతుంది.

నిప్పును తట్టుకునే సూటు, చేతితొడుగులు, బూట్లు ఉంటే మంచిది. కొన్ని నిర్వాహక సంస్థలు రేస్ కార్లకు వీటిని తప్పనిసరి చేస్తాయి. అవి తప్పనిసరి కానిచోట కూడా పాలిస్టర్ వంటి కరిగి చర్మానికి అంటుకునే బట్టలు వేసుకోకుండా ఒళ్లంతా కప్పే నూలు బట్టలు వేసుకోవాలి. ఇవన్నీ ధరించిన తరువాత కారు ఆపి ఉండగా ఒక సాధన చేయాలి: కళ్లు మూసుకుని కరెంటు కట్ చేసే కిల్ స్విచ్, మంటలు ఆర్పే పరికరపు పిన్ను, కిటికీ వల గొళ్లెం, హార్నెస్ మీట ఎక్కడున్నాయో చేతితో తడిమి, కారులోంచి బయటపడాలి. పొగ నిండిన కారులో కళ్లు పనికిరావు. హెల్మెట్, హాన్స్ పెట్టుకుని కేజ్ గొట్టాల మధ్య నుంచి బయటికి రావడం మొదటిసారి ఎంత అవస్థగా ఉంటుందో, కార్లు నిలిపి సిద్ధం చేసుకునే చోటైన ప్యాడక్‌లోనే తెలుసుకోవడం నయం.

సమావేశం, జెండాలు

ఉదయం జరిగే డ్రైవర్ల సమావేశానికి ఆలస్యం చేయకూడదు. జెండాల అర్థాలు అన్నిచోట్లా దాదాపు ఒకటే అయినా, వివరాల్లో తేడాలుంటాయి. పసుపు కనిపిస్తే నెమ్మదించాలి, ఎవరినీ దాటకూడదు. పసుపు మీద ఎర్ర గీతలుంటే ముందున్న ట్రాక్ జారుడుగా ఉంది. నీలం అంటే వెనుక వేగంగా వచ్చే కారుకు దారివ్వాలి. నల్ల జెండా తనకు చూపితే పిట్‌లోకి రావాలి, నలుపు మధ్య నారింజ వృత్తం ఉంటే కారులో ఏదో లోపం కనిపించిందని. గళ్ల జెండా సెషన్ ముగింపును తెలుపుతుంది. ఎరుపు విషయంలోనే అసలు తేడా వస్తుంది. కొన్నిచోట్ల నెమ్మదిగా పిట్‌కు రమ్మంటారు, మరికొన్నిచోట్ల జెండాలు చూపే సిబ్బంది అయిన మార్షల్‌కు కనిపించేలా పక్కకు ఆగమంటారు. ఆ రోజు ఏ పద్ధతి పాటిస్తున్నారో సమావేశంలో స్పష్టంగా వినాలి, మొదటి ల్యాపులోనే మార్షల్ నిలబడే చోట్లన్నీ గుర్తుపెట్టుకోవాలి.

కొత్తవారి బృందంలో సాధారణంగా సరళమార్గాల మీద మాత్రమే, అదీ ముందున్న డ్రైవరు చేయి చూపి అనుమతిస్తేనే దాటాలి. కిటికీకి వల బిగించిన రేస్ కారులో చేయి బయటికి పెట్టడం కుదరదు కనుక సంకేతం ఎలా ఇవ్వాలో అప్పుడే అడగాలి. ఒకే సీటున్న కారైతే ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చోలేరు. ఆయన కారులో మొదట ఒక సెషన్ ప్రయాణికుడిగా తిరిగి, తరువాత ఆయన కారు వెనుకే నడిపే ఏర్పాటు ఉందేమో కనుక్కోవాలి. అటువంటి అవకాశాన్ని మొహమాటంతో వదులుకునేవారిని చూస్తే జాలి వేస్తుంది.

ట్రాక్ మీద

మొదటి ల్యాపు వెచ్చబరచడానికి. టైర్లు, ప్యాడ్లు, గేర్‌బాక్స్ నూనె, డ్రైవరు, అన్నీ చల్లగానే ఉంటాయి. మొదటి సెషన్ మొత్తాన్నీ మలుపుల వరుస, మార్షల్ స్థానాలు, పిట్ ప్రవేశం నేర్చుకోవడానికే కేటాయించినా వృథా కాదు. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 44 మీటర్లు ముందుకు పోతుంది కనుక చూపు బానెట్ ముందు కాకుండా తరువాత చేరబోయే చోటు మీద ఉండాలి. బ్రేకు వేసేటప్పుడే మలుపు లోపలి అంచును, లోపలి అంచు చేరకముందే బయటికి వెళ్లే చోటును కళ్లు వెతకాలి.

మలుపును వెడల్పుగా తీసుకోవడం వెనుక ఉన్న లెక్క చిన్నది. టైర్లు కారు బరువుకు సమానమైన పక్కవాటు బలాన్ని ఇవ్వగలవనుకుంటే, 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, 100 మీటర్ల వ్యాసార్ధంలో 113. ట్రాక్ వెడల్పంతా వాడుకుని బయటి అంచు నుంచి లోపలి అంచుకు, అక్కడి నుంచి మళ్లీ బయటి అంచుకు వెళితే వంపు పెద్దదవుతుంది. లోపలి అంచును తాకే బిందువును ఎపెక్స్ అంటారు. కొత్తవారు దాన్ని కాస్త ఆలస్యంగా, మలుపు మధ్యభాగం దాటాక తాకడం సురక్షితం, ఎందుకంటే తొందరపడి ముందే లోపలికి తిరిగినవారికి చివర ట్రాక్ చాలక కారు బయటికి పోతుంది. అన్ని మలుపుల మీదా సమానంగా శ్రమించనవసరం లేదు. పొడవైన సరళమార్గానికి ముందున్న మలుపును నేర్చుకుంటే చాలా ఫలితం ఉంటుంది.

బ్రేకు పని స్టీరింగ్ తిరగకముందే, కారు తిన్నగా వెళుతుండగానే చాలావరకు ముగియాలి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేయడం ప్రమాదకరం. బరువు ముందు చక్రాల మీదికి పోయి, వెనుక చక్రాలు తేలికపడి కారు తిరిగిపోతుంది. ఏబీఎస్ లేని కారులో చక్రం బిగుసుకుంటే టైరు నుంచి పొగ వస్తుంది, స్టీరింగ్ పనిచేయదు. అప్పుడు పెడల్‌ను కొద్దిగా వదిలి మళ్లీ తొక్కాలి. మడమతో యాక్సిలరేటర్, వేళ్లతో బ్రేకు తొక్కే విన్యాసాన్ని తొలిరోజున పక్కన పెట్టవచ్చు. గేరు మార్చేటప్పుడు ఐదు నుంచి నాలుగుకు బదులు రెండులోకి పడితే ఇంజిన్ దాని పరిమితిని మించి తిరిగి చెడిపోతుంది, ఇంజిన్ తిరిగే వేగానికి హద్దు పెట్టే రెవ్ లిమిటర్ కూడా దానికి అడ్డుపడజాలదు. అందుచేత కారు తగినంత నెమ్మదించాకే, నిదానంగా గేర్లు దించాలి.

రెండు చక్రాలు ట్రాక్ అంచు దిగితే స్టీరింగ్‌ను గబుక్కున ట్రాక్ వైపు తిప్పకూడదు. పట్టు దొరికిన క్షణంలో కారు అడ్డంగా ట్రాక్ దాటి అవతలి గోడకు వెళుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, నెమ్మదించి, తరువాత మెల్లగా లోపలికి రావాలి. కారు పూర్తిగా తిరిగిపోతే క్లచ్, బ్రేకు రెండూ గట్టిగా తొక్కి ఆగేవరకు అలాగే ఉంచాలి. అలా ఉంచితే మిగిలినవారికి ఆ కారు ఎటు పోతుందో ఊహకందుతుంది. ట్రాక్ దిగిన ప్రతిసారీ పిట్‌లోకి వచ్చి అడుగుభాగం, టైర్లు చూపించుకోవాలి. కారు ట్రాక్ మీద ఆగిపోతే, మంట లేనంతవరకు పట్టీలు, హెల్మెట్ తీయకుండా మార్షల్ చెప్పేదాకా లోపలే ఉండాలి.

వర్షం పడితే ఎండలో నేర్చిన దారే శత్రువవుతుంది. టైర్ల రబ్బరు పేరుకుని నునుపైన ఆ మార్గం తడిలో జారుతుంది, ట్రాక్ అంచుల వెంట రంగు వేసిన కర్బ్‌లు అంతకంటే ఎక్కువగా జారతాయి. ఆ దారికి పక్కగా ఉండే గరుకు తారు మీద నడపడం మెరుగు.

గళ్ల జెండా పడ్డాక చివరి ల్యాపును బ్రేకులు దాదాపు తొక్కకుండా, ఎత్తయిన గేరులో నడిపి అన్నింటినీ చల్లబరచాలి. ప్యాడక్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగకూడదు. వేడి ప్యాడ్లు డిస్కుకు అదుముకుని ఉంటే ఆ చోట మచ్చ పడి తరువాత పెడల్ అదురుతుంది. గేరులో ఉంచి, చక్రాల కింద చెక్కముక్కలు పెడితే సరిపోతుంది.

సెషన్ల మధ్య

ఏసీ లేని, ఇంజిన్ వేడి నేరుగా లోపలికి వచ్చే కారులో మందపాటి సూటు వేసుకున్నవారికి చెమట చాలా పోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి విరామంలో నీళ్లు తాగాలి. శబ్దానికి చెవి ప్లగ్గులు వాడాలి, లేకపోతే సాయంత్రానికి అలసట రెట్టింపవుతుంది. తరువాతి సెషన్‌లో సరిదిద్దుకోవలసిన విషయం ఒక్కటే ఎంచుకోవాలి, అది చూపు కావచ్చు, ఒక్క మలుపు కావచ్చు. అన్నీ ఒకేసారి సరిదిద్దబోతే ఏదీ కుదరదు. ల్యాప్ టైమర్‌ను తొలిరోజు ఇంటి దగ్గరే వదిలేయమని గట్టిగా చెబుతాను. దాటిపోయిన కారును తిరిగి అందుకోవాలన్న పంతం పుట్టినా, ఒకే మలుపులో రెండుసార్లు గురి తప్పినా, చివరి సెషన్‌ను వదులుకుని సామాను సర్దుకోవడం తెలివైన పని. అలసిన మనిషికి తాను అలసినట్టు తెలియదు, పైగా ఈ కారులో దాన్ని గుర్తుచేసే దీపమేదీ లేదు.

మళ్లీ ట్రాక్ ఎక్కేలోపు బ్రేకులు బ్లీడ్ చేయాలి, ప్యాడ్ల మందం కొలవాలి, చక్రాన్ని పైకెత్తి ఊపి బేరింగ్‌లో కదలిక ఉందేమో చూడాలి, ఆయిల్ మార్చాలి. డిస్కుల మీద వేడికి పడిన వెంట్రుకంత సన్నని గీతలు మామూలే కానీ, వాటిలో ఏదైనా వేలిగోటికి తగిలినా, అంచుదాకా పాకినా ఆ డిస్కును మార్చవలసిందే.